డేడ్ ఫీలన్: టెక్సాస్ మాజీ స్పీకర్ నేపథ్యం, రికార్డు, 366 ఓట్ల గెలుపు – తరచుగా అడిగే ప్రశ్నలు

డాలస్, హ్యూస్టన్, ఆస్టిన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లు అమెరికా అధ్యక్ష ఎన్నికల గురించి గంటల తరబడి మాట్లాడతారు. కానీ వాళ్ల ఇంటి పన్ను, పిల్లల బడికి వచ్చే డబ్బు, చలికాలంలో కరెంటు ఉంటుందా పోతుందా అన్న సంగతి, ఇవన్నీ తేలేది వాషింగ్టన్‌లో కాదు, ఆస్టిన్‌లోని రాష్ట్ర చట్టసభలో. ఆ సభ ఎలా నడుస్తుందో అర్థం కావాలంటే డేడ్ ఫీలన్ కథ తెలుసుకుంటే చాలు. అందుకే ఈ పేజీ.

డేడ్ ఫీలన్ ఎవరు?

టెక్సాస్ ప్రతినిధుల సభలో 21వ జిల్లా రిపబ్లికన్ సభ్యుడు. 2014లో మొదటిసారి గెలిచారు. 2021 జనవరి నుంచి 2025 జనవరి దాకా ఆ సభకు స్పీకర్‌గా ఉన్నారు. గర్భస్రావం మీద, తుపాకుల మీద టెక్సాస్ చేసిన అతి గట్టి కన్సర్వేటివ్ చట్టాలు ఆయన స్పీకర్‌గా ఉండగానే సభ దాటాయి. అయినా 2024లో సొంత పార్టీ ప్రైమరీలోనే (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక), ట్రంప్ మద్దతున్న ప్రత్యర్థి చేతిలో ఓడిపోయే దాకా వచ్చి, రెండో రౌండ్‌లో 366 ఓట్లతో బయటపడ్డారు.

స్టేట్ రిప్రజెంటేటివ్ అంటే మన ఎమ్మెల్యే లాంటివారేనా?

హోదా అదే, ఉద్యోగం మాత్రం వేరు. టెక్సాస్ ప్రతినిధుల సభలో 150 మంది, సెనేట్‌లో 31 మంది ఉంటారు. ఒక్కో ప్రతినిధికి సుమారు 1.94 లక్షల జనాభా. పదవీకాలం రెండేళ్లే. సభ రెండేళ్లకోసారి, బేసి సంవత్సరాల్లో, 140 రోజులు మాత్రమే కూర్చుంటుంది. ఆ గడువు దాటితే గవర్నర్ ప్రత్యేక సమావేశం పిలవాల్సిందే. జీతం నెలకు 600 డాలర్లు, అంటే ఏడాదికి 7,200. సభ నడిచే రోజుల్లో భత్యం ఇస్తారు. ఈ జీతంతో ఇల్లు గడవదు కాబట్టి సభ్యుల్లో ఎక్కువమంది లాయర్లు, వ్యాపారులు, భూములున్నవాళ్లు. సామాన్య ఉద్యోగి ఈ సభలోకి రావడం కష్టమయ్యేది ఇక్కడే. దీని గురించి జరగాల్సినంత చర్చ జరగడం లేదని నా అభిప్రాయం.

ఇంకో తేడా ఇంకా పెద్దది. మన దగ్గర పార్టీ విప్ జారీ చేస్తే ధిక్కరించిన ఎమ్మెల్యే పదవే పోవచ్చు. 1985లో వచ్చిన ఫిరాయింపుల నిరోధక చట్టం అలా కట్టేసింది. టెక్సాస్‌లో అలాంటిదేమీ లేదు. సభ్యుడు తన పార్టీ నాయకత్వానికి ఎదురుగా ఓటేసినా కుర్చీ పోదు. పార్టీ శిక్ష వేయాలనుకుంటే తర్వాతి ప్రైమరీ దాకా ఆగి, ఇంకొకరిని పోటీకి నిలబెట్టాలి. ఫీలన్‌కు జరిగింది సరిగ్గా అదే.

ఆయన ఎక్కడివారు? కుటుంబ నేపథ్యం ఏమిటి?

టెక్సాస్ ఆగ్నేయ మూలన, లూసియానా సరిహద్దుకు దగ్గర్లో ఉన్న బోమాంట్ నగరం ఆయన సొంతూరు. 1975లో పుట్టారు. అక్కడి క్యాథలిక్ హైస్కూల్లో చదివి, ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీలో డిగ్రీ చేశారు. తరాలుగా బోమాంట్‌లో ఉన్న సంపన్న కుటుంబం వాళ్లది. కుటుంబానికి రియల్ ఎస్టేట్ వ్యాపారం ఉంది, ఆయన కూడా అందులోనే పనిచేశారు.

బోమాంట్ మామూలు ఊరు కాదు. 1901 జనవరి 10న ఆ ఊరి పక్కనే స్పిండిల్‌టాప్ దిబ్బ మీద చమురు ఉవ్వెత్తున పైకి చిమ్మింది. టెక్సాస్ చమురు యుగం మొదలైంది అక్కడే. ఇప్పటికీ ఆ ప్రాంతమంతా రిఫైనరీలు, రేవులు, పెట్రోకెమికల్ ఫ్యాక్టరీలే. యూనియన్ కార్మికులు, క్యాథలిక్‌లు, బాప్టిస్టులు కలిసి బతికే ఈ ప్రాంతం ఒకప్పుడు డెమొక్రాట్ల కోట. తర్వాత మెల్లగా రిపబ్లికన్ల వైపు మళ్లింది. ఫీలన్‌కు ముందు అక్కడి ప్రతినిధి ఆలన్ రిట్టర్ కూడా డెమొక్రాట్‌గా మొదలై 2010లో రిపబ్లికన్‌గా మారినవారే.

రాజకీయాల్లోకి ఎలా వచ్చారు?

ముందు ఆ ప్రాంత నాయకుడు టామీ విలియమ్స్ దగ్గర చట్టసభ సహాయకుడిగా పనిచేశారు. రిట్టర్ రిటైరవడంతో 2014లో ఖాళీ అయిన సీటుకు పోటీ చేసి గెలిచారు. ఫైళ్లు మోసిన చోటికే సభ్యుడిగా వెళ్లినవారికి బిల్లు ఏ కమిటీలో ఎక్కడ ఇరుక్కుంటుందో బాగా తెలుస్తుంది. ఫీలన్ ఎదుగుదలకు ఉపన్యాసాల కన్నా ఈ అవగాహనే ఎక్కువ పనికొచ్చింది. 2019లో ఆయనకు కీలకమైన స్టేట్ అఫైర్స్ కమిటీ అధ్యక్ష పదవి దక్కింది.

నియోజకవర్గానికి ఆయన చేసిన పెద్ద పని ఏది?

వరదల పని. ఆయన జాతీయ వార్తల్లోకి వచ్చింది వేరే గొడవలతో కాబట్టి దీన్ని చాలామంది మరిచిపోతారు.

2017 ఆగస్టులో హార్వే తుపాను వచ్చినప్పుడు హ్యూస్టన్ మునిగిన సంగతి అందరికీ తెలుసు. కానీ అన్నిటికన్నా ఎక్కువ వాన పడింది హ్యూస్టన్‌లో కాదు. బోమాంట్ దగ్గర్లోని నెదర్లాండ్ పట్టణంలో 60.58 అంగుళాలు నమోదైంది. అమెరికాలో ఒకే తుపానుకు ఒక చోట అంత వాన అంతకుముందెప్పుడూ రికార్డు కాలేదు. బోమాంట్‌లో నీటి పంపులు మునిగి, చుట్టూ నీళ్లున్నా ఊరంతటికీ తాగునీటి సరఫరా ఆగిపోయింది.

2019 సమావేశాల్లో వరదల నివారణ పనులకు రాష్ట్రం తరఫున శాశ్వత నిధి పెట్టే టెక్సాస్ రాజ్యాంగ సవరణను ఫీలన్ ప్రవేశపెట్టారు. ఆ ఏడాది నవంబర్‌లో 8వ ప్రతిపాదనగా ప్రజలు దాన్ని భారీ మెజారిటీతో ఆమోదించారు. రాష్ట్ర పొదుపు నిధి నుంచి 79.3 కోట్ల డాలర్లు అందులోకి మళ్లాయి. కాలువలు, డ్రైనేజీలు, ముంపు మ్యాపులు, ఇవి ఎవరికీ ఉత్సాహం కలిగించే విషయాలు కావు. అయినా ఓటర్లు తమ ప్రతినిధిని నిలదీయాల్సింది ఇలాంటి వాటి మీదేనని నేను గట్టిగా నమ్ముతాను.

టెక్సాస్‌లో స్పీకర్ కుర్చీకి అంత బలం ఎందుకు?

మన స్పీకర్ సభను నడుపుతారు, సభ ఎజెండాను మాత్రం ముఖ్యమంత్రి, ప్రభుత్వం నిర్ణయిస్తాయి. టెక్సాస్‌లో అలా కాదు. ఏ బిల్లు ఏ కమిటీకి వెళ్లాలి, ఆ కమిటీలకు ఎవరు అధ్యక్షులు, సభలో ఎవరిని మాట్లాడనివ్వాలి, ఇవన్నీ స్పీకర్ చేతిలోనే. గవర్నర్, సెనేట్‌ను నడిపే లెఫ్టినెంట్ గవర్నర్, స్పీకర్, ఈ ముగ్గురూ ఒప్పుకుంటేనే పెద్ద చట్టం ఏదైనా ముందుకు కదులుతుంది. మొదటి ఇద్దరినీ రాష్ట్రమంతా ఎన్నుకుంటుంది. స్పీకర్‌ను ఒక జిల్లా ప్రజలు గెలిపిస్తే తోటి సభ్యులు ఆ కుర్చీలో కూర్చోబెడతారు. డెమొక్రాట్లకూ అందులో ఓటుంటుంది.

ముందున్న స్పీకర్ డెనిస్ బొన్నెన్ రహస్య రికార్డింగ్ వివాదంలో చిక్కుకుని మళ్లీ పోటీ చేయలేదు. ఆ ఖాళీలో ఫీలన్ రెండు పార్టీల మద్దతూ కూడగట్టుకున్నారు. 2021 జనవరిలో 143–2 ఓట్లతో, 2023లో 145–3 ఓట్లతో స్పీకర్ అయ్యారు.

ఆయన్ని కన్సర్వేటివ్ అని ఎందుకంటారు? రికార్డు ఏమిటి?

2021 ఒక్క ఏడాదిలో ఏమేం వచ్చాయో చూస్తే చాలు. గర్భం దాల్చిన సుమారు ఆరు వారాల తర్వాత గర్భస్రావాన్ని నిషేధిస్తూ, అమలు బాధ్యతను ప్రైవేటు వ్యక్తుల దావాలకు వదిలిన సెనేట్ బిల్లు 8 వచ్చింది. గర్భస్రావ హక్కునిచ్చిన పాత తీర్పును అమెరికా సుప్రీంకోర్టు కొట్టేస్తే దాదాపు పూర్తి నిషేధం అమల్లోకి వచ్చేలా ఇంకో చట్టం చేశారు. అది 2022 ఆగస్టులో అమలైంది. లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట తీసుకెళ్లే హక్కు 2021 సెప్టెంబర్ 1 నుంచి వచ్చింది. ఓటింగ్ నిబంధనలు బిగించిన చట్టమూ అప్పటిదే. వీటిని వ్యతిరేకించినవాళ్లకు ఫీలన్ మధ్యేమార్గపు నాయకుడన్న మాట ఈనాటికీ మింగుడు పడదు. అది న్యాయమే.

అయితే అదే రికార్డులో ఇంకో వైపూ ఉంది. కాన్పు తర్వాత పేద తల్లులకు మెడికెయిడ్ (పేదలకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా) వైద్యం 12 నెలల దాకా కొనసాగేలా 2023లో వచ్చిన చట్టం ఆయన ప్రాధాన్యాల్లో ఒకటి. ఆ బిల్లు పెట్టింది డెమొక్రాట్ సభ్యురాలు టోనీ రోజ్. పసిపిల్లల డైపర్లు, నెలసరి వస్తువుల మీద అమ్మకం పన్ను ఎత్తేసింది కూడా ఆ ఏడాదే.

2021లో ప్రతిపక్ష సభ్యుల మీద అరెస్టు వారెంట్లు ఇచ్చింది ఈయనేనా?

అవును. ఓటింగ్ బిల్లును ఆపడానికి డెమొక్రాట్లు జులైలో విమానమెక్కి వాషింగ్టన్ వెళ్లిపోయారు. సభ నడవాలంటే 150లో 100 మంది హాజరు కావాలి. ఆ లెక్క కుదరక సభ వారాల తరబడి ఆగిపోయింది. ఆగస్టు 10న ఫీలన్ 52 మందిని పట్టి తెచ్చేందుకు సివిల్ వారెంట్ల మీద సంతకం చేశారు. అంతకుముందే, తన డిప్యూటీ లాంటి పదవిలో ఉన్న డెమొక్రాట్ జో మూడీని ఆ పదవి నుంచి తప్పించారు. చివరికి ఆగస్టులో కోరం కుదిరింది, బిల్లు చట్టమైంది.

మరి సొంత పార్టీకే ఆయన మీద కోపం ఎందుకు?

మూడు కారణాలున్నాయి. కొన్ని కమిటీలకు డెమొక్రాట్లను అధ్యక్షులుగా పెట్టే పాత ఆనవాయితీని ఆయన కొనసాగించారు. గెలిచిన పార్టీ అధికారాన్ని ఓడిన పార్టీతో ఎందుకు పంచుకోవాలని పార్టీ కార్యకర్తలు అడిగారు. అడగదగ్గ ప్రశ్నే అది. అయితే రెండు పార్టీల ఓట్లతో ఎన్నికైన స్పీకర్ ఆ మాత్రం చోటు ఇవ్వడం ఆ సభలో కొత్తేమీ కాదు. రెండో కారణం స్కూల్ వోచర్లు. మూడోది, అన్నిటికన్నా పెద్దది, కెన్ ప్యాక్స్‌టన్.

ప్యాక్స్‌టన్ అభిశంసన కథ ఏమిటి?

కెన్ ప్యాక్స్‌టన్ టెక్సాస్ అటార్నీ జనరల్, అంటే రాష్ట్ర ప్రభుత్వ ప్రధాన న్యాయాధికారి. రిపబ్లికన్, ట్రంప్‌కు దగ్గరివారు. తమ బాస్ ఒక దాతకు సాయం చేయడానికి పదవిని వాడుకున్నారని ఆయన ఆఫీసులోని సీనియర్ అధికారులే 2020లో ఎఫ్‌బీఐకి ఫిర్యాదు చేశారు. ఫిర్యాదు చేసినవాళ్లలో కొందరి ఉద్యోగాలు పోయాయి, వాళ్లు దావా వేశారు. 2023 ఫిబ్రవరిలో 33 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. ఆ డబ్బు రాష్ట్ర ఖజానా నుంచి ఇవ్వాలని ప్యాక్స్‌టన్ చట్టసభను అడిగారు.

కథ మలుపు తిరిగింది ఇక్కడే. ప్రజల డబ్బు అడిగితే ఎందుకో చెప్పాలి కదా అని సభ కమిటీ విచారణ మొదలుపెట్టింది. మే 27న సభ 121–23 ఓట్లతో ప్యాక్స్‌టన్‌ను అభిశంసించింది. అభిశంసన అంటే, పదవి నుంచి తీసేయాలా అని సెనేట్ విచారించేలా ఆరోపణలు మోపడం. దానికి ఓటేసినవారిలో 60 మంది రిపబ్లికన్లు. టెక్సాస్ చరిత్రలో అభిశంసనకు గురైన మూడో వ్యక్తి ఆయన. అంతకుముందు 1917లో గవర్నర్ జేమ్స్ ఫెర్గుసన్, 1975లో ఒక జడ్జి మాత్రమే ఉన్నారు.

సెప్టెంబర్‌లో సెనేట్ విచారణ జరిగింది. దోషిగా తేల్చాలంటే 21 ఓట్లు కావాలి, ఏ ఆరోపణకూ 14 దాటలేదు. 16న ప్యాక్స్‌టన్ నిర్దోషిగా బయటికొచ్చారు. విచారణను నడిపిన లెఫ్టినెంట్ గవర్నర్ డాన్ ప్యాట్రిక్, తీర్పు చదివిన వెంటనే ప్రతినిధుల సభ తీరును దుయ్యబట్టారు. ఆ విచారణకు ముందు ప్యాట్రిక్ ప్రచార నిధికి, పశ్చిమ టెక్సాస్ చమురు కుబేరుల డబ్బుతో నడిచే ఒక రాజకీయ కమిటీ నుంచి 30 లక్షల డాలర్లు విరాళంగా, అప్పుగా వెళ్లాయి. ఆ కమిటీ నాయకుడు ఒక శ్వేతజాతి ఆధిపత్యవాదితో కలిశాడని అక్టోబర్‌లో బయటపడ్డాక, ఆ డబ్బు వదులుకోవాలని ఫీలన్ బహిరంగంగా అడిగారు. ఇక ఇద్దరి మధ్య సయోధ్య మాటే లేకుండా పోయింది.

ప్యాక్స్‌టన్ తప్పు చేశారా లేదా అన్నది సెనేట్ తేల్చింది. కానీ ఖజానా డబ్బు అడిగిన అధికారిని లెక్క చెప్పమనడం చట్టసభ పని. అది తన పార్టీ అధికారి అయినా సరే. ఈ ఒక్క విషయంలో ఫీలన్ పక్షాన నిలబడటానికి నాకు సందేహం లేదు.

ఇంటి పన్ను తగ్గింపులో ఆయన పాత్ర ఏమిటి?

ఫ్రిస్కో, ప్లేనో, కేటీ, రౌండ్ రాక్ లాంటి ఊళ్లలో ఇల్లు కొన్న తెలుగువాళ్లకు నేరుగా తగిలిన విషయం ఇదే. టెక్సాస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు, ఆ లోటంతా ప్రాపర్టీ ట్యాక్స్ రూపంలో మీద పడుతుంది. 2023లో రాష్ట్రం దగ్గర భారీ మిగులుంది. పన్ను కోసం లెక్కగట్టే ఇంటి విలువ ఏటా ఇంతకన్నా పెరగకూడదన్న పరిమితిని బిగించాలని ఫీలన్ పట్టుబట్టారు. సొంతంగా కాపురముండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు పెంచాలని ప్యాట్రిక్ పట్టుబట్టారు. ప్రత్యేక సమావేశం మొదలైన రోజే ప్రతినిధుల సభ తన బిల్లు తాను పాస్ చేసుకుని ఇంటికెళ్లిపోయింది. రెండు ప్రత్యేక సమావేశాల తర్వాత జులైలో రాజీ కుదిరింది.

మొత్తం ప్యాకేజీ 1,800 కోట్ల డాలర్లు. స్కూల్ పన్నులో హోమ్‌స్టెడ్ మినహాయింపు 40 వేల నుంచి లక్ష డాలర్లకు పెరిగింది. ఫీలన్ వాదనలో కొంత భాగం కూడా నెగ్గింది: 50 లక్షల డాలర్లలోపు విలువున్న, అద్దెకిచ్చిన ఇళ్లు, చిన్న వ్యాపార భవనాల లెక్కగట్టిన విలువ ఏడాదికి 20 శాతం మించి పెరగకుండా మూడేళ్ల పరిమితి పెట్టారు. రెండో ఇల్లు కొని అద్దెకిచ్చినవాళ్లు తమ పన్ను నోటీసులో ఇది చూసే ఉంటారు. హోమ్‌స్టెడ్ మినహాయింపు తర్వాత 2025లో 1.4 లక్షల డాలర్లకు పెరిగింది.

స్కూల్ వోచర్ల గొడవ ఏమిటి?

ప్రైవేటు బడి ఫీజుకు ప్రభుత్వ డబ్బు ఇచ్చే పథకం ఇది. గవర్నర్ గ్రెగ్ ఆబట్ దీన్ని ప్రతిష్ఠగా తీసుకున్నారు. పల్లె ప్రాంతాల రిపబ్లికన్లు ఒప్పుకోలేదు. వాళ్ల ఊళ్లలో ప్రైవేటు బళ్లే లేవు, ప్రభుత్వ బడే ఊరికి పెద్ద ఉద్యోగదాత. 2023 నవంబర్ 17న 21 మంది రిపబ్లికన్లు డెమొక్రాట్లతో కలిసి 84–63 ఓట్లతో వోచర్ల భాగాన్ని విద్యా బిల్లులోంచి తీసేశారు. ఆబట్ వాళ్లను ప్రైమరీల్లో ఓడించే పని మొదలుపెట్టారు.

2024 ప్రైమరీలో ఏం జరిగింది?

ఆరెంజ్ కౌంటీ రిపబ్లికన్ పార్టీ మాజీ అధ్యక్షుడు, చమురు–గ్యాస్ కన్సల్టెంట్ డేవిడ్ కోవీ ఫీలన్ మీద పోటీకి దిగారు. ట్రంప్, ప్యాట్రిక్, ప్యాక్స్‌టన్ ఆయన వెనక నిలబడ్డారు. ఫిబ్రవరిలో రాష్ట్ర పార్టీ కార్యవర్గం తమ స్పీకర్‌నే గర్హిస్తూ తీర్మానం చేసింది. మాజీ గవర్నర్ రిక్ పెర్రీ ఫీలన్ తరఫున వచ్చి ప్రచారం చేశారు. రెండు వైపులా మిలియన్ల డాలర్లు కుమ్మరించారు.

మార్చి 5న కోవీకి సుమారు 46 శాతం, ఫీలన్‌కు 43 శాతం వచ్చాయి. మూడో అభ్యర్థికి పది శాతం. ఎవరికీ సగం దాటలేదు కాబట్టి రన్ఆఫ్, అంటే మొదటి ఇద్దరి మధ్య రెండో రౌండ్, తప్పలేదు. కుర్చీలో ఉన్న టెక్సాస్ స్పీకర్ ప్రైమరీలో ఓడటం 1972లో రేఫర్డ్ ప్రైస్ తర్వాత జరగలేదు. మొదటి రౌండ్‌లో వెనకబడ్డ పదవిలోని నాయకుడు రెండో రౌండ్‌లో కోలుకోవడం అరుదు. ఫీలన్ పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు.

మరి ఎలా గెలిచారు?

ఊరి మాట పట్టుకుని. తుపాను సాయం, రేవు పనులు, స్పీకర్ కుర్చీ మన ప్రాంతానికి ఉండటం వల్ల వచ్చే నిధులు, వీటి మీదే ప్రచారం నడిపారు. బయటి డబ్బు, బయటి నాయకులు మన జిల్లాకు చెప్పేదేమిటని అడిగారు. మే 28న లెక్క తేలింది: ఫీలన్‌కు 12,813, కోవీకి 12,447. తేడా 366. అదే ఏడాది ప్రైమరీల్లో 15 మంది రిపబ్లికన్ సభ్యులు ఓడిపోయారు. నవంబర్‌లో డెమొక్రాట్ పోటీ లేదు కాబట్టి, మేలో వేసిన ఆ పాతికవేల పైచిలుకు ఓట్లే అసలు ఎన్నిక.

డెమొక్రాట్లు వచ్చి ఓటేసి గెలిపించారని అంటారు, నిజమేనా?

కోవీ శిబిరం అలాగే అంది. టెక్సాస్‌లో ఓటరు ఏ పార్టీ అని ముందుగా నమోదు ఉండదు. ఎవరైనా ఏదో ఒక పార్టీ ప్రైమరీ ఎంచుకోవచ్చు. మార్చిలో డెమొక్రాట్ ప్రైమరీలో ఓటేసినవాళ్లు మేలో రిపబ్లికన్ రన్ఆఫ్‌లో ఓటేయకూడదు. మార్చిలో ఇంట్లో కూర్చున్నవాళ్లు వేయొచ్చు. అలాంటివాళ్లు కొందరు వచ్చి ఉండొచ్చు. అది నిబంధనలకు లోబడినదే.

అంత కష్టపడి గెలిచి స్పీకర్ పదవి ఎందుకు వదిలేశారు?

గెలిచింది జిల్లాలో. సభలో ఆయనకు అండగా ఉన్న సభ్యులు చాలామంది అదే ఏడాది ఓడిపోయారు. 2024 డిసెంబర్‌లో స్పీకర్ పోటీ నుంచి తప్పుకున్నారు. 2025 జనవరి 14న ఆయనకు సన్నిహితుడైన లబ్బక్ సభ్యుడు డస్టిన్ బరోస్, రిపబ్లికన్ కాకస్ (సభలోని ఆ పార్టీ సభ్యుల బృందం) ఎంచుకున్న డేవిడ్ కుక్‌ను 85–55 తేడాతో ఓడించి స్పీకర్ అయ్యారు. అందులోనూ డెమొక్రాట్ల ఓట్లే కీలకం.

ఏప్రిల్‌లో వోచర్ల బిల్లు మళ్లీ వచ్చింది, ఈసారి నెగ్గింది. దానికి వ్యతిరేకంగా ఓటేసిన రిపబ్లికన్లు ఇద్దరే: గ్యారీ వ్యాన్‌డీవర్, ఫీలన్. విషయాన్ని ప్రజల ఓటుకు పెట్టాలన్న సవరణనూ ఫీలన్ సమర్థించారు. 2026లో మళ్లీ పోటీ చేయనని 2025లో ప్రకటించారు.

నేను టెక్సాస్‌లో ఉంటాను. ఈ ప్రైమరీల్లో నేను ఓటేయొచ్చా?

అమెరికా పౌరసత్వం ఉంటేనే. గ్రీన్ కార్డు, హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఓటరుగా నమోదు కాకూడదు. డ్రైవింగ్ లైసెన్సు ఫారంలో ఓటరు నమోదు గురించి అడిగే చోట పొరపాటున అవునని టిక్ పెట్టినా పెద్ద ఇబ్బందే, జాగ్రత్త.

పౌరులైతే ఎన్నికకు 30 రోజుల ముందే నమోదై ఉండాలి. ప్రైమరీ సరి సంవత్సరాల్లో మార్చి మొదటి మంగళవారం జరుగుతుంది, ముందస్తు ఓటింగ్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. 2024 మార్చిలో రెండు పార్టీల ప్రైమరీలు కలిపినా నమోదైన ఓటర్లలో ఐదో వంతు కూడా రాలేదు. మీ ఉపాధ్యాయుల జీతాలు, మీ ఇంటి పన్ను తేల్చే మనిషిని ఆ కొద్దిమందే ఎంచుకున్నారు. నవంబర్‌లో మాత్రమే ఓటేసే అలవాటుంటే, చాలా జిల్లాల్లో మీరు వెళ్లేసరికి నిర్ణయం అయిపోయి ఉంటుంది.